ఆట అన్నం పెట్టాలంటే

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్ 1-1 దగ్గర ఆగిపోతే, పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపేశాడు. 3-1తో కప్పు మనది. అప్పటికి మనలో చాలామంది పదో తరగతి పరీక్షల టెన్షన్‌లో ఉన్నాం కాబట్టి సరిగ్గా సంబరం కూడా చేసుకోలేదు. పర్లేదు, తర్వాత చూసుకుందాంలే అనుకున్నాం.

ఆ తర్వాత అనేది రాలేదు. 2025 అక్టోబర్‌లో ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. దేశంలోనే పెద్ద లీగ్ గెలిచిన టీమ్, మూడున్నరేళ్ళలో ఊరు వదిలి, పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈ వ్యాసం ఒక్క హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి కాదు. మన దేశంలో ఫుట్‌బాల్ 'అమెచ్యూర్' నుంచి 'ప్రొఫెషనల్'కి మారింది అని అందరూ అంటుంటారు కదా, ఆ మార్పు నిజంగా జరిగిందా అనేదే నా ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. జరిగింది సగమే. పాత పద్ధతిలో ఆటగాడికి ఉన్న భద్రతని తీసేశాం, దాని స్థానంలో పెట్టాల్సినది పెట్టలేదు.

ముందు ఈ అమెచ్యూర్ అనే మాట సంగతి చూద్దాం. వినడానికి చాలా గొప్పగా ఉంటుంది. డబ్బు కోసం కాదు, ఆట మీద ప్రేమతో ఆడేవాడు అని. కానీ ఈ రూల్ పుట్టిన ఇంగ్లాండ్‌లో దాని అసలు రంగు వేరు. అక్కడ పందొమ్మిదో శతాబ్దంలో ఫుట్‌బాల్‌ని శాసించింది పెద్ద పెద్ద స్కూళ్ళలో చదివిన ధనవంతుల పిల్లలు. వాళ్ళకి డబ్బు అవసరం లేదు. లాంకషైర్ బట్టల మిల్లుల్లో పనిచేసేవాడికి మాత్రం శనివారం మ్యాచ్ కోసం పని మానేస్తే కూలి పోతుంది. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే కార్మికుల జట్టు ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఓల్డ్ ఈటోనియన్స్‌ని ఓడించింది. ఆ రోజుల్లో ఉత్తరాది క్లబ్బులు ఆటగాళ్ళకి చాటుగా డబ్బిచ్చేవి. గొడవలు ముదిరి, చివరికి 1885లో జీతం తీసుకుని ఆడొచ్చని అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒప్పుకుంది. అంటే ప్రొఫెషనలిజం ఆటని పాడుచేయడానికి రాలేదు. కూలి పోగొట్టుకోకుండా పేదవాడు కూడా ఆడటానికి వచ్చింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన దగ్గర దీనికి ఇంకో దారి దొరికింది. ఉద్యోగం.

1950ల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ అంటే దేశమంతా భయపడేది. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచారు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అందరూ రహీం సాబ్ అంటారు. వృత్తిరీత్యా స్కూల్ టీచర్. ఇండియా టీమ్‌కి కూడా ఆయనే కోచ్. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ స్వర్ణం, అదీ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి. అజయ్ దేవగన్ 'మైదాన్' సినిమా ఈయన మీదే. మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వాళ్ళలో ఒకరు.

ఒలింపిక్స్‌కి వెళ్ళాలంటే అప్పట్లో అమెచ్యూర్ అయి ఉండాలి. ఆటకి జీతం తీసుకోకూడదు. మరి మన ప్లేయర్లు ఎలా బతికారు? పోలీసు శాఖలో జీతం. రైల్వేలో జీతం. మిల్లులో, బ్యాంకులో జీతం. కాగితం మీద కానిస్టేబుల్, మైదానంలో వింగ్ హాఫ్. మెల్‌బోర్న్‌లో స్వర్ణం గెలిచిన సోవియట్ యూనియన్ కూడా ఇంచుమించు ఇదే లెక్క నడిపింది. అమెచ్యూర్ అనేది పేరుకే. అసలు విషయం ఏంటంటే ఆటగాడి వెనక ఒక నెలజీతం, పెన్షన్, క్వార్టర్స్ ఉన్నాయి.

మన ఇళ్ళలో ఒక డైలాగ్ ఉంటుంది కదా, "ఆటలు అన్నం పెడతాయారా?" అని. 1950లో ఒక కుర్రాడు దీనికి జవాబు చెప్పగలిగేవాడు. "పెడతాయమ్మా, పోలీస్‌లో తీసుకుంటున్నారు" అని. మోకాలు విరిగినా, ముప్పై దాటి కాళ్ళు సహకరించకపోయినా, ఆట ఆగేది కానీ ఉద్యోగం ఆగేది కాదు. బలరాం గారు అనారోగ్యం వల్ల ఇరవై ఏడేళ్ళకే ఆట మానేయాల్సి వచ్చింది. అప్పుడాయన రైల్వే జట్టు బీఎన్ఆర్‌కి ఆడుతున్నారు. ఇరవై ఏడు అంటే మనకి ఇంకో ఎనిమిదేళ్ళు. ఆ వయసులో కెరీర్ అయిపోతే పరిస్థితేంటి అని ఒక్కసారి ఊహించుకోండి. ఉద్యోగం ఉన్న ఆటగాడికి, లేని ఆటగాడికి తేడా అక్కడ తెలుస్తుంది.

ఇంతా చెప్పి "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చే ఉద్దేశం నాకు లేదు. ఆ పద్ధతిలో లోపాలు చాలా ఉన్నాయి. టీమ్ ఉండాలా వద్దా అనేది ఆఫీసర్ ఇష్టం. ఆయనకి ఆట ఇష్టమైతే రిక్రూట్‌మెంట్, ట్రాన్స్‌ఫర్ అయితే టీమ్ గోవిందా. ప్రపంచంలో మిగతావాళ్ళు రోజంతా ప్రాక్టీస్ చేస్తుంటే మనవాళ్ళు డ్యూటీ మధ్యలో ఆడటం ఎన్నాళ్ళో నడవదు. నడవలేదు కూడా. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తర్వాత ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ ఆ పతకం రాలేదు. కాబట్టి మారాల్సిందే. ఎలా మారామనేదే సమస్య.

మారిన క్రమం ఇది. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. అప్పటిదాకా రాష్ట్రాల లీగులు, డ్యూరాండ్, రోవర్స్ లాంటి కప్పులే తప్ప దేశమంతటికీ ఒక క్లబ్ లీగ్ లేదు. మొదటి ఛాంపియన్ పంజాబ్‌లోని ఫగ్వాడాకి చెందిన జేసీటీ మిల్స్, పేరులోనే మిల్లు. ఆ లీగ్‌లో మహీంద్రా, ఎయిర్ ఇండియా, ఇండియన్ బ్యాంక్, ఐటీఐ లాంటి సంస్థల జట్లు కూడా ఆడాయి. అంటే సగం ఉద్యోగం, సగం వృత్తి. 2007లో దాన్నే ఐ-లీగ్‌గా మార్చి, ఇది పూర్తి ప్రొఫెషనల్ అన్నారు. పది టీములతో మొదలైంది, గోవా క్లబ్ డెంపో మొదటి విజేత. 2010లో ఐఎంజీ-రిలయన్స్‌తో ఫెడరేషన్ పదిహేనేళ్ళకి 700 కోట్ల ఒప్పందం చేసుకుంది. దాని ఫలితంగా 2014లో ఎనిమిది టీములతో ఐఎస్ఎల్ వచ్చింది. సినిమా స్టార్లు, క్రికెటర్లు ఓనర్లు, వయసు మళ్ళిన యూరప్ స్టార్లు ప్లేయర్లు. లైట్లు, టీవీ కెమెరాలు, అన్నీ బాగున్నాయి.

ఇప్పుడు అదే కాలంలో మూతపడ్డవాటి లిస్టు చూడండి. 2010లో మహీంద్రా యునైటెడ్. 2011లో జేసీటీ, అంటే మొదటి జాతీయ ఛాంపియనే. 2016లో డెంపో, సల్గావ్‌కర్, స్పోర్టింగ్ గోవా మూడూ ఐ-లీగ్ నుంచి తప్పుకున్నాయి. కొత్త ఐఎస్ఎల్ పరిస్థితి మాత్రం ఏమంత గొప్పగా ఉంది? 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడాది ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే ఆ ఖాళీలో పుట్టిందే మన హైదరాబాద్ ఎఫ్‌సీ. పుణె వాళ్ళ బాధ మనకి పండగ అయింది. ఆరేళ్ళకి మన బాధ ఢిల్లీ వాళ్ళకి పండగ. క్లబ్ అంటే ఊరి సొత్తు అనుకున్నాం. తీరా చూస్తే ఎక్కడ స్టాప్ ఉంటే అక్కడ ఆగే షేర్ ఆటోలా తయారైంది.

ఊరు మారడం ఫ్యాన్స్‌కి బాధ. ఆటగాళ్ళ కష్టం అంతకంటే పెద్దది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022-23లో రెండో స్థానంలో నిలిచింది. ఆ వెంటనే వచ్చిన సీజన్‌లో జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. బాకీల వల్ల కొత్తవాళ్ళని రిజిస్టర్ చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్న కుర్రాళ్ళతోనే సీజన్ లాగించారు. 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు. ఆ కుర్రాళ్ళలో మన వయసు వాళ్ళున్నారు. స్కోర్ చూసి మనం మీమ్స్ వేసుకున్నాం. ఆడింది మాత్రం వాళ్ళు, చేతికి జీతం వస్తుందో రాదో తెలియకుండా.

ఇదేదో ఒక క్లబ్ తప్పు అనుకోవడానికి కూడా లేదు. 2010 ఒప్పందం 2025 డిసెంబర్‌లో ముగుస్తుందని పదిహేనేళ్ళ ముందే అందరికీ తెలుసు. సెమిస్టర్ ఎండ్ డేట్ ఎప్పుడో జనవరిలోనే తెలిసినట్టు! అయినా 2025 జూలైలో, కొత్త ఒప్పందం కుదరలేదు కాబట్టి సీజన్ ఆపుతున్నామని నిర్వాహకులు చెప్పేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ లాంటి పెద్ద క్లబ్ కూడా ఫస్ట్ టీమ్ జీతాలు నిరవధికంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నవంబర్‌లో లీగ్ నడపడానికి టెండర్ పిలిస్తే ఒక్కరూ బిడ్ వేయలేదు. చివరికి 2026 ఫిబ్రవరిలో కుదించిన సీజన్ మొదలైంది. మన సీఎస్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, బ్యాకప్ తీసుకోకుండా పాత సర్వర్ నుంచి మైగ్రేట్ అయ్యాం. కొత్త సర్వర్ అద్దె గడువు ముగిసేసరికి డేటా ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు.

"మనది క్రికెట్ దేశం, ఇక్కడ ఫుట్‌బాల్ అంతేలే" అంటారు కొందరు. దానికి నా జవాబు జపాన్.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనం జపాన్‌ని 2-0తో ఓడించాం. వాళ్ళదీ బేస్‌బాల్ దేశమే. వాళ్ళ లీగ్ కూడా 1965లో కంపెనీ జట్లతోనే మొదలైంది. ఫురుకావా ఎలక్ట్రిక్, మిత్సుబిషి, హిటాచి, యవాటా స్టీల్, ఇలా. ఆటగాళ్ళు ఆ కంపెనీల ఉద్యోగులు. మన పోలీస్, మిల్లు, రైల్వే కథే. 1993లో పది క్లబ్బులతో జే-లీగ్ పెట్టి ప్రొఫెషనల్‌కి మారారు, మన నేషనల్ లీగ్‌కి మూడేళ్ళ ముందు మాత్రమే. అంటే ఇద్దరం దాదాపు ఒకే గీత దగ్గర నుంచి పరుగు మొదలుపెట్టాం. 1998 నుంచి వాళ్ళు ప్రతి ప్రపంచకప్‌కీ అర్హత సాధిస్తున్నారు. మనం ఇంకా ఒక్కటీ ఆడలేదు.

తేడా డబ్బులో మాత్రమే ఉందని నేను అనుకోను. లీగ్ మొదటి ఛైర్మన్ సబురో కవాబుచి స్వయంగా ఫురుకావా కంపెనీ జట్టులో ఆడినవాడు. ఆయన పెట్టించిన షరతులు చూడండి. క్లబ్ పేరులో కంపెనీ పేరు ఉండకూడదు, ఊరి పేరు ఉండాలి. ఫ్లడ్‌లైట్లున్న 15,000 మంది పట్టే స్టేడియం చూపించాలి. పిల్లల జట్లు నడపాలి. పెద్ద కంపెనీలు గొడవ చేసినా ఆయన తగ్గలేదు. సుమితోమో మెటల్స్ ఫ్యాక్టరీ ఉన్న కషిమా చిన్న పట్టణం. అక్కడి కంపెనీ జట్టు కషిమా యాంట్లర్స్‌గా మారింది, బ్రెజిల్ దిగ్గజం జికో దానికి ఆడాడు. ఇప్పుడది ఆ దేశంలో ఎక్కువ ట్రోఫీలున్న క్లబ్బుల్లో ఒకటి. ఊరు చిన్నదైనా క్లబ్ ఊరిదే అని జనానికి నమ్మకం కుదిరింది.

వాళ్ళకీ కష్టాలు రాకపోలేదు. 1998లో స్పాన్సర్ కంపెనీలు భారం మోయలేక యోకొహామా ఫ్లూగెల్స్‌ని పక్క క్లబ్‌లో కలిపేశాయి. ఆ టీమ్ తన ఆఖరి మ్యాచ్‌లో, 1999 జనవరి 1న, ఎంపరర్స్ కప్ గెలిచి మరీ కనుమరుగైంది. ఫ్యాన్స్ ఊరుకోలేదు. డబ్బులు పోగేసి యోకొహామా ఎఫ్‌సీ అనే కొత్త క్లబ్ పెట్టుకున్నారు. లీగ్ కూడా పాఠం నేర్చుకుని, 2013 నుంచి క్లబ్బుల లెక్కలు చూసి లైసెన్స్ ఇచ్చే పద్ధతి తెచ్చింది. పది క్లబ్బుల లీగ్ ఇప్పుడు మూడు అంచెల్లో అరవై క్లబ్బులైంది.

నాకు ఇక్కడ అర్థమైంది ఇది. ప్రొఫెషనల్ లీగ్ అనే పేరు జీతం ఇస్తామని చెప్పినందుకు రాదు. ఆ మాట తప్పకుండా ఆపే ఏర్పాటు ఉన్నప్పుడు వస్తుంది. పోలీస్ టీమ్‌లో ఆ ఏర్పాటు సర్వీస్ రూల్స్ రూపంలో ఉండేది. జపాన్‌లో లైసెన్స్ రూపంలో ఉంది. మన దగ్గర ఓనర్ ఉత్సాహం రూపంలో ఉంది. ఉత్సాహం అయిపోతే అంతే.

ఫిఫా రూల్ ఒకటుంది కదా అనొచ్చు. కనీసం రెండు నెలల జీతం రాకపోతే, పదిహేను రోజుల గడువిస్తూ నోటీసు పంపి, అప్పటికీ ఇవ్వకపోతే ఆటగాడు కాంట్రాక్ట్ రద్దు చేసుకోవచ్చు. పేరున్న ఆటగాడికి అది చాలు, ఇంకో క్లబ్ దొరుకుతుంది. పంతొమ్మిదేళ్ళ రిజర్వ్ ప్లేయర్ రద్దు చేసుకుని ఎక్కడికి వెళ్ళాలి? ఇంటర్ తర్వాత చదువు ఆపేసి అకాడమీకి వెళ్ళినవాడు? కేసు గెలిచినా డబ్బు చేతికొచ్చేలోపు హాస్టల్ అద్దె ఎవరు కడతారు?

అందుకే నా దృష్టిలో మూడు పనులు కావాలి. ఒకటి, సీజన్ మొదలయ్యే ముందే ఏడాది జీతాలకి సరిపడా మొత్తాన్ని ప్రతి క్లబ్ బ్యాంక్ గ్యారంటీగా పెట్టాలి. అపార్ట్‌మెంట్ అద్దెకే అడ్వాన్స్ కట్టించుకునే దేశం మనది, ముప్పై మంది బతుకులకి కట్టించుకోలేమా? రెండు, ఊరు మార్చడం కుదరదని రాసుకోవాలి. ఓనర్ వెళ్ళిపోతే క్లబ్ కింది లీగ్‌కైనా దిగాలి కానీ ఇంకో రాష్ట్రానికి ఎగరకూడదు. ఐఎస్ఎల్‌లోకి కింది నుంచి ప్రమోషన్ మీద మొదటి క్లబ్, పంజాబ్ ఎఫ్‌సీ, వచ్చిందే 2023లో. పైకి తలుపు తెరిచారు, మంచిదే. కిందికి కూడా తెరిస్తేనే లీగ్ లీగ్‌లా ఉంటుంది. మూడు, ఆడే పిల్లల చదువు ఆగకూడదు. ఇది క్లబ్బుల పని ఎంతో కాలేజీల పని కూడా అంతే. రాష్ట్ర జట్టుకి ఆడి వచ్చినవాడు 75 శాతం అటెండెన్స్ కోసం కౌంటర్ల చుట్టూ తిరిగే పరిస్థితి ఉన్నంతకాలం, ఆటో చదువో ఒకటి వదిలేయరా అని మనమే చెప్తున్నట్టు లెక్క.

బ్యాంక్ గ్యారంటీ అంటే చిన్న క్లబ్బులు పారిపోతాయని ఒక వాదన ఉంది. నిజమే, కొన్ని పారిపోవచ్చు. పధ్నాలుగు క్లబ్బులు తొమ్మిది కావచ్చు. జీతం ఇవ్వలేని పధ్నాలుగు కంటే ఇవ్వగలిగిన తొమ్మిది నయం. మిగతా ఐదూ కింది లీగ్‌లో సగం జీతానికి, సగం ఉద్యోగానికి నిజాయితీగా ఆడొచ్చు. సెమీ ప్రొఫెషనల్ అంటే సిగ్గుపడాల్సిందేం లేదు. లేని గొప్ప చూపించడం కంటే అది మేలు. ఇంగ్లాండ్‌లో మిల్లు కార్మికుడు కూలి పోకుండా ఆడాలనే కదా ఇదంతా మొదలైంది. కూలి పోగొట్టే ప్రొఫెషనలిజం మనకెందుకు?

మన నగరంలో ఆట పూర్తిగా అయిపోయిందని మాత్రం అనుకోకండి. అజీజ్‌నగర్ దగ్గర డెక్కన్ అరీనాని సొంత మైదానం చేసుకున్న శ్రీనిధి డెక్కన్ 2021లో ఐ-లీగ్‌లోకి వచ్చి, 2023లో, 2024లో వరసగా రెండో స్థానం తెచ్చుకుంది. మన ఫ్రెండ్స్‌లో ఎంతమందికి తెలుసు? ఆదివారం పొద్దున రెండింటిదాకా మేలుకుని ప్రీమియర్ లీగ్ చూసే మనం, ఊళ్ళో మ్యాచ్‌కి ఒక్కసారైనా వెళ్దాం. యోకొహామా ఫ్యాన్స్ క్లబ్ పెట్టుకోగలిగింది వాళ్ళు ముందు నుంచీ స్టాండ్స్‌లో ఉన్నారు కాబట్టి.

ఇంకో పెద్ద ప్రకటన ఎప్పుడో వస్తుంది, రాక తప్పదు. కొత్త లీగ్, కొత్త లోగో, కొత్త స్పాన్సర్. అప్పుడు అమ్మ అడిగే ఆ పాత ప్రశ్నే మనమూ అడుగుదాం. ఓనర్ మనసు మారిన నెలలో కూడా ఈ ఆట అన్నం పెడుతుందా? పెడుతుందని కాగితం మీద రాసి, దానికి పూచీ ఎవరో చూపిస్తే, అప్పుడు ప్రొఫెషనల్ అని పిలుద్దాం.